రంగు పోయేదాకా ఆగితే

కోనికల్ ఫ్లాస్క్‌లో 20 మిల్లీలీటర్ల ఆక్సాలిక్ ఆమ్లం, దానికి తోడు కాస్త సల్ఫ్యూరిక్ ఆమ్లం. పైన బ్యూరెట్ నిండా నేరేడు పండు రంగులో పర్మాంగనేట్. హుస్నాబాద్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో కనిపించే దృశ్యమే ఇది. ఫ్లాస్కును ముందుగా 60 డిగ్రీలు దాటేదాకా వేడి చేయాలి. తొందరలో ఆ పని మరిచిపోయి కుళాయి తిప్పితే, మొదటి చుక్క గులాబీ రంగై అలాగే నిలిచిపోతుంది. రంగు నిలిచింది కదా, అయిపోయిందనుకుని రీడింగ్ రాసేసే పిల్లలు ఉంటారు.

అయిపోలేదు, అసలు మొదలే కాలేదు. ఫ్లాస్కును తిప్పుతూ కాసేపు ఆగితే ఆ గులాబీ మెల్లగా వెలిసిపోతుంది. రెండో చుక్క అంతకంటే త్వరగా పోతుంది. నాలుగైదు చుక్కలు పడ్డాక రంగు పడిన చోటే మాయమవుతుంది. పర్మాంగనేట్ విరిగినప్పుడు పుట్టే మాంగనీస్ అయాన్లే తర్వాతి చుక్కల పనిని వేగవంతం చేస్తాయి. చర్య తన ఉత్ప్రేరకాన్ని తానే తయారు చేసుకుంటుందన్నమాట. ఇంత అందమైన విషయం కళ్లముందే జరుగుతుంటే చూపు మాత్రం బ్యూరెట్ గీతల మీదే ఉంటుంది.

గీతలూ ముఖ్యమే. 1.575 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలను తూచి, నీళ్లలో కరిగించి 250 మిల్లీలీటర్లకు చేరిస్తే 0.05 మోలార్ ద్రావణం అవుతుంది. అందులో 20 మిల్లీలీటర్లకు సరిగ్గా 20 మిల్లీలీటర్ల పర్మాంగనేట్ పట్టిందనుకుంటే, దాని గాఢత 0.02 మోలార్. రెండు పర్మాంగనేట్‌లకు ఐదు ఆక్సాలిక్‌లు అన్న లెక్క తెలిస్తే మిగిలింది గుణకార భాగహారాలే. ఒకటే జాగ్రత్త. ద్రావణం ముదురు రంగులో ఉంటుంది కాబట్టి అడుగు వంపు కనిపించదు. పై అంచు దగ్గరే చదవాలి, మొదట అక్కడ చదివితే చివరా అక్కడే చదవాలి.

ల్యాబు దాటి ఊరి బయటికి వస్తే చర్య వేగం సంగతి తాళ్ల కింద కూడా తెలుస్తుంది. తెల్లవారుజామున దింపిన కల్లు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ నురగ కట్టి పులుస్తుంది. ఎండాకాలంలో ఇంకా తొందర. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుందన్నది గీత కార్మికుడికి లొట్టి చెప్పిన పాఠం. నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, దాంతో పులియడం నెమ్మదిస్తుంది. పాఠ్యపుస్తకంలో ఈ లొట్టికి ఒక్క పేజీ ఇచ్చినా బాగుండేది. 1850లో జర్మనీకి చెందిన విల్‌హెల్మీ మొదటిసారి చర్య వేగాన్ని లెక్కగట్టినప్పుడు ఎంచుకున్నదీ చక్కెరనే. ఆమ్లంలో చక్కెర ఎంత మిగిలి ఉంటే, అది విరిగే వేగం అంత ఉంటుందని తేల్చాడు. గాఢతకూ కాలానికీ అక్కడే ముడి పడింది.

ఆ ముడి విలువ బాగా తెలిసిన తెలుగువాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణంలో మాలిబ్డేట్ కలిపి, క్షయకరణం చేస్తే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. జీవరసాయన ల్యాబుల్లో ఇప్పటికీ ఈ ఇద్దరి పేర్లతోనే పిలిచే పద్ధతి అది.

అయితే కండరం నుంచి తీసిన ద్రావణంతో చేస్తే నీలం వెంటనే రాలేదు, నింపాదిగా ముదురుతూ పోయింది. మరొకరైతే రసాయనాలు పాడయ్యాయని ఆ సీసాను పారబోసేవారేమో. వాళ్లిద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఉన్నది విడి ఫాస్ఫేట్ ఒక్కటే కాదు, ఆమ్లంలో కొంచెం కొంచెంగా విరిగి ఫాస్ఫేట్‌ను వదిలే పదార్థం ఇంకోటి ఉంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో లోకానికి తెలిసింది. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ నిండుతుంది. పరుగు పందెంలో మొదటి కొన్ని సెకన్ల శక్తి వెనుక ఉన్నది అదే. గాఢత కొలవబోయినవాళ్లు వేగాన్ని గమనించడం వల్ల దొరికిన నిధి ఇది.

తాగునీటి ట్యాంకు దగ్గరా ఈ రెండు కొలతలూ కలిసే నడవాలి. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో సుమారు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. సంచి మూతి తెరిచి ఉంచితే రోజులు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. నిరుడు వేసినన్ని చెంచాలే ఈసారీ వేస్తే సరిపోకపోవచ్చు. వేసిన వెంటనే నీళ్లు వదలకూడదు, అరగంట ఆగాలి. ఆ తర్వాత కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఈ లెక్క వేసేది, ఇంటర్లో టైట్రేషన్ చేసి వచ్చిన కుర్రాడే కావచ్చు.

రికార్డు పుస్తకంలో టైట్రేషన్ పట్టికకు మొదటి రీడింగ్, చివరి రీడింగ్, పట్టిన ద్రావణం అని మూడు గడులు ఉంటాయి. కాలానికి గడి లేదు. స్కేలు పెట్టి నాలుగోది గీయించి, మొదటి చుక్క రంగు పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, ఐదో చుక్కకు ఎన్ని పట్టాయో రాయిస్తే బాగుంటుంది. దానికి కొత్త పరికరాలేమీ కొననక్కర్లేదు, గోడ మీద గడియారం చాలు.