హేరెం: ఒక హీబ్రూ పదం, మూడు తెలుగు రూపాలు

యెహోషువ గ్రంథం ఆరవ అధ్యాయంలో యెరికో పట్టణం యావత్తూ 'హేరెం' అని ప్రకటితమవుతుంది. లేవీయకాండం చివరి అధ్యాయంలో ఒక గృహస్థు తన పొలాన్నో పశువునో తిరిగి విడిపించుకునే వీలు లేకుండా దేవునికి సమర్పిస్తే అదీ 'హేరెం'మే. ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలు మొదటి చోట 'శపించుట' అని, రెండవ చోట 'ప్రతిష్ఠించుట' అని వాడింది. సమూయేలు మొదటి గ్రంథంలో సౌలు అమాలేకీయులపై దండెత్తిన ఘట్టంలో అదే ధాతువుకు 'నిర్మూలము చేయుట' అని చెప్పింది. విడివిడిగా చూస్తే ఏ అనువాదమూ తప్పు కాదు. కాని మూడు చోట్లా ఉన్నది ఒకే మాట అని తెలుసుకునే మార్గం మాత్రం తెలుగు పాఠకునికి లేకుండా పోయింది.

ఈ పదానికి మూలార్థం వినాశం కాదు. మానవ వినియోగం నుండి వేరుచేయడం. అరబ్బీలోని 'హరామ్' దీనికి సోదర పదం. నిషిద్ధమైనదానికీ, మక్కా మసీదు వంటి పరమ పవిత్ర స్థలానికీ అక్కడ ఒకే ధాతువు. ఉర్దూ ద్వారా హైదరాబాదు ప్రాంతపు తెలుగువారికి ఆ మాటలోని నిషేధార్థం ఒక్కటే చేరింది. హీబ్రూ హేరెంలో రెండు అర్థాలూ విడదీయరానివి. హేరెం అయిన పొలం యాజకులకు చెందుతుంది. యెరికోలోని వెండి బంగారాలు దేవుని ఖజానాకు చేరుతాయి. ప్రాణమున్నవి మాత్రం చావవలసిందే. వినాశం ఆ పదానికి పర్యవసానమే తప్ప అర్థం కాదు.

ఈ భేదం తెలియనిదే ఆకాను కథ బోధపడదు. అతడు దాచుకున్నవి ఒక పైవస్త్రం, రెండు వందల తులాల వెండి, ఏబది తులాల బంగారు కమ్మీ. 'శపితమైనది' అని చదివితే ఆ వస్తువులకేదో కీడు అంటుకున్నట్లు తోస్తుంది. మూలంలో నేరం దేవుని సొమ్ము అపహరించడం. దానశాసనాల చివర దేవభూమి హరించినవారిపై శాపోక్తులు చదివిన తెలుగువారికి ఈ భావం కొత్తది కాదు. సౌలు వాదమూ ఇటువంటిదే. మేలైన గొర్రెలను బలి కోసమే ఉంచానంటాడు. సమూయేలు బదులు విధేయతను గురించినదే అయినా, దాని వెనుక మరొక తర్కం కనిపిస్తుంది. అప్పటికే దేవునిదైనదాన్ని దేవునికి కానుకగా ఇవ్వడం ఎలా? 'నిర్మూలము' అన్న మాట ఈ ప్రశ్నను మరుగుపరుస్తుంది.

పవిత్రార్థాన్ని గుర్తుచేసి హేరెంలోని కాఠిన్యాన్ని తగ్గించబూనిన వ్యాఖ్యాతలు ఉన్నారు. ఆ ప్రయత్నం నిలవదు. 'నిర్మూలము' అంటే పాఠకుడు దానిని ఒక యుద్ధకాండగా భావించి ముందుకు సాగగలడు. 'సమర్పణ' అని తెలిస్తే ఆగక తప్పదు. స్త్రీలను, పసిపిల్లలను చంపడం ఇక్కడ ఆరాధనా రూపం ధరించింది. మూలార్థం తెలిసినకొద్దీ ఈ పాఠం మరింత దుస్సహమవుతుంది.

ఈ భావం ఇశ్రాయేలుకే పరిమితం కాదు. నేటి జోర్డాన్‌లోని ధీబాన్‌లో 1868లో బయటపడి, ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న క్రీ.పూ. 9వ శతాబ్దపు శిలాశాసనంలో మోయాబు రాజు మేషా ఇదే క్రియ వాడాడు. తాను ఇశ్రాయేలీయుల నెబో పట్టణాన్ని పట్టుకుని, అక్కడి ఏడు వేల మందిని చంపి, అష్తార్-కెమోషుకు హేరెం చేశానని అతని ప్రకటన. ఇక యెరికో విషయానికి వస్తే, 1952–58 మధ్య అక్కడ తవ్విన క్యాథ్లీన్ కెన్యన్‌కు యెహోషువ కాలమని సాధారణంగా చెప్పే దశలో ప్రాకారాలున్న నగరమేదీ కనిపించలేదు. ద్వితీయోపదేశకాండం ఏడవ అధ్యాయం కనాను జాతులను హేరెం చేయమని చెప్పి, వెనువెంటనే వారితో వియ్యమందవద్దంటుంది. హతులైనవారితో వియ్యమెలా? ఈ ఆజ్ఞ ఆచరణ కంటె ఆదర్శానికే చెందినదని పలువురు పండితులు భావించడానికి ఇదొక కారణం.

తరువాతి కాలంలో పదం చాలా మారింది. ఎజ్రా గ్రంథంలో సమావేశానికి రానివాని ఆస్తి హేరెం అవుతుంది, అతడు సమాజం నుండి వేరుచేయబడతాడు. రబ్బీల కాలానికి హేరెం అంటే ప్రధానంగా బహిష్కారమే. 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం స్పినోజాపై విధించినది ఇదే. దీనికి తెలుగులో 'వెలి' అన్న చక్కని మాట ఉంది.

పస్కా, ఏఫోదు, కెరూబు వంటి మాటలను తెలుగు బైబిలు యథాతథంగా నిలుపుకుంది. హేరెంను కూడా అలాగే ఉంచి, అడుగున ఒక వివరణ ఇచ్చి ఉంటే యెరికో, లేవీయకాండం, సౌలు ఒకే వరుసలో కనిపించేవి. మలాకీ గ్రంథమూ ఆ వరుసలో చేరేది. హీబ్రూలో ఆ గ్రంథపు చిట్టచివరి పదం హేరెం. ఆ మాటతో పఠనం ముగించడం ఇష్టం లేక యూదులు దాని ముందరి వచనాన్ని మరొకసారి చదివి ఆపుతారు. తెలుగు క్రమంలో పాత నిబంధన అంతా ముగిసేదీ ఆ వాక్యంతోనే. అక్కడున్న క్రియ 'శపించు'.