ఎవరి ప్రమాణం వార్త?

చిత్తూరు జిల్లాలో మాట తేలకపోతే 'కాణిపాకం పోదాం రా' అంటారు. వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధపు ప్రమాణం చేసినోడు బాగుపడడని జనం నమ్మకం. రాజకీయ నాయకులు సైతం ఆరోపణ రాగానే 'కాణిపాకంలో ప్రమాణానికి సిద్ధమా' అని సవాళ్ళు విసురుకుంటారు. పత్రికలు వాటిని పెద్దక్షరాల్లో అచ్చేస్తాయి. ఆ నమ్మకం నిజానిజాల జోలికి మేం పోవడం లేదు. అందులో ఒక న్యాయం మాత్రం ఉంది: నింద పడినవాడు స్వయంగా వచ్చి తన నోటితో తన మాట చెప్పుకోవచ్చు. పత్రికల్లో ఈపాటి న్యాయమైనా పేదోడికి దొరుకుతోందా?

2015 ఏప్రిల్ 7న, అప్పటి చిత్తూరు జిల్లా చంద్రగిరి దగ్గర, శేషాచలం అడవిలో టాస్క్‌ఫోర్సు పోలీసులు 20 మందిని కాల్చి చంపారు. అందరూ తమిళనాడు వాళ్ళు. ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల కూలీలు. జవ్వాదు కొండల గిరిజనులూ వాళ్ళలో ఉన్నారు. దాడి చేస్తే ఆత్మరక్షణ కోసం కాల్చామన్నది పోలీసుల మాట. బస్సుల్లో పోతున్నవాళ్ళను ముందే పట్టుకుపోయారని ప్రాణాలతో బయటపడ్డ సాక్షులు జాతీయ మానవ హక్కుల సంఘానికి చెప్పుకున్నారు. సిబిఐ విచారణ జరగాలని, కుటుంబాలకు 5 లక్షల చొప్పున మధ్యంతర పరిహారం ఇవ్వాలని ఆ సంఘం సిఫారసు చేసింది. అంటే రెండు వాంగ్మూలాలున్నాయి. యూనిఫాం వేసుకున్నది ముందు అచ్చవుతుంది. లుంగీ కట్టుకున్నది కమిషన్ల దాకా నడిచి రావాలి.

మా జిల్లా పేజీలు తెరిస్తే 'ఎర్రదొంగలు' అన్న మాట తరచూ కనబడుతుంది. కేసు నడవకముందే మనిషికి పేరు పెట్టేస్తారు. దుంగ మోసేవాడు దొంగ. దాన్ని రేవు దాటించి కోట్లు గడించేవాడు 'బడా స్మగ్లర్', 'డాన్'. ఒకడికి తిట్టు, ఇంకొకడికి బిరుదు. ఎర్రచందనం కొట్టడం నేరమే, మేం కాదనడం లేదు. కానీ చెట్టు కొట్టినందుకు మరణశిక్ష ఏ చట్టంలో ఉంది? దొంగ అని రాసేశాక ఈ ప్రశ్న పాఠకుడి మనసులో పుట్టదు. నేరం రుజువు కాకముందే దోషిగా చూపొద్దని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతూనే ఉంది. చదివేదెవరు?

ఇది కొత్త రోగం కాదు. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఇవాళ్టికీ వాటిని 'సంఘటన' అనే రాస్తారు. చంపినవాడి జాడ లేని మాట అది. అంబేద్కర్ 1920లోనే 'మూక్‌నాయక్' ఎందుకు పెట్టాల్సి వచ్చిందో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు తెచ్చాక మారుమూల పల్లె పేరు కూడా పేపరుకెక్కింది. అది మంచిదే. అయితే మండల విలేకరికి దక్కేది లైన్ అకౌంటు డబ్బులు, ప్రకటనల కమీషను. స్టేషనుతో తగాదా పెట్టుకుంటే అతనికి రేపటి వార్త లేదు. అతన్నొక్కణ్ణే తిట్టి లాభం లేదు. వార్త మీద ఆఖరి మాట ఎవరిదో చూడాలి. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో మీడియా నాయకత్వ స్థానాలు 121 లెక్కకొస్తే, అందులో 106 అగ్రకులాలవే. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు.

పేపరు చదవడం మా ఇళ్ళల్లో మాతోనే మొదలైంది. అందుకే అచ్చుమాటంటే మా పెద్దోళ్ళకి అంత గురి. 'పేపర్లో పడిందంటే నిజమే అయ్యుంటాదిలే' అంటారు. వాళ్ళ దృష్టిలో అదీ ప్రమాణమే. ఆ గురిని పోలీసు ప్రకటనకు అరువివ్వడం ద్రోహం. ప్రజాస్వామ్యంలో పత్రిక పని అధికారం మాటను మోయడం కాదు, దాన్ని నిలదీయడం.

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. కోర్టు తేల్చేదాకా నిందితుణ్ణి నిందితుడనే రాయండి. ఎన్‌కౌంటర్ వార్త రాసేముందు చనిపోయినవాడి ఊరికి పోండి, వాడి పెళ్ళాం మాట కూడా అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. మీ డెస్కులో దళితులెందరో, గిరిజనులెందరో లెక్క చెప్పండి. దానికి కాణిపాకం దాకా రానక్కరలేదు, మీ మొదటి పేజీలో అచ్చేస్తే చాలు. సిద్ధమేనా?