చూడకముందే తీరిన ముచ్చట

“సినిమాలయందు మునుపటి యుత్సాహము లేదు” అను మాట యిటీవల తఱచుగా వినవచ్చుచున్నది. ఈ మాట సినిమాలను గర్హించు పెద్దలనోట వచ్చినచో ఆశ్చర్యము లేదు. వారెన్నడును ఉత్సాహపడినవారు కారు. ఇప్పుడిది అభిమానులనోటనే వెలువడుచున్నది. రాజేంద్రనగరమున వ్యవసాయ విశ్వవిద్యాలయ విద్యార్థులు, ఆరాంఘర్ చౌరస్తాలో నిలుచుండి చాయ్ త్రాగు పనివారు, శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకై గంటలకొలది వేచియుండు కారు డ్రైవర్లు — వీరి మాటలలో క్రొత్త సినిమా యొకటి దొర్లని దినము లేదు. గంటసేపు వాదింతురు, ఎవరి పక్షమును వారు గెలిపించుకొందురు, తుదకందఱును “ఏమున్నది, ఇప్పటి సినిమాలలో పస లేదు” అని యేకగ్రీవముగా తీర్మానించి లేచిపోవుదురు. మాటలలో నింత వేడిమియు, చూచుటయం దంత చల్లదనమును ఒక్క మనుష్యునియందే యెట్లిముడుచున్నవి? ఇది సినిమావారి గొడవయని త్రోసిపుచ్చదగినది కాదు. ఇరువదియేండ్ల యువకుడు తన కెందునను మనసు కరుగుట లేదని చెప్పినచో, వాని యింటివారును, వానికి చదువు చెప్పిన మావంటివారును ఒకింత నిలిచి వినవలసియుండును.

తెలంగాణమున ముచ్చట యనగా సంభాషణము. కోస్తా జిల్లాలలో అదే మాటకు కోరిక, వేడుక యని యర్థము. నేటి యభిమాని విషయమున మొదటి ముచ్చట రెండవ ముచ్చటను మ్రింగివేసినది.

ఎట్లనగా, ఒక పెద్ద సినిమా తెరపైకి వచ్చుటకు రెండేండ్లముందే దాని పేరు ప్రకటింపబడును. పిదప నాయకుని తొలి రూపము, పిదప టీజరు, ఒక్కొక్కటిగా పాటలు, ట్రెయిలరు, విడుదలకు ముందొక మహాసభ. ప్రతిదానికిని ఒక తేది, ప్రతి తేదికిని ఒక గడియ, ప్రతి గడియకును ఒక వాదము. ఈ వాదములన్నియు ముగిసిన తరువాత మిగిలిన చిన్నపని సినిమా చూచుట. అదియును నిశ్చింతగా చేయుటకు వీలులేదు. అమెరికాలో మన పెద్ద సినిమాలకు ముందునాటి సాయంకాలమే ప్రత్యేక ప్రదర్శనలు వేయుట పరిపాటి. అచ్చటి రాత్రి మనకు తెల్లవాఱుజాము. 2008లో శంషాబాదున తెఱవబడిన విమానాశ్రయమునుండి చదువులకును ఉద్యోగములకును వెడలిన మన పిల్లలే డల్లాసులో ఆట చూచి, విశ్రాంతివేళకు ఒక తీర్పు, ముగియగనే మఱొక తీర్పు పంపుదురు. ఇచ్చట పాలవాడు రాకమునుపే సినిమా భవితవ్యము తేలిపోవును. ఆ పిమ్మట అయిదింటికి రెండుముప్పాతిక మార్కులని యొకరు, మూడని మఱొకరు వేయుదురు. మేము బడిపిల్లల కాగితములను చాలయేండ్లుగా దిద్దుచున్నాము. పావుమార్కు తేడాను ఇంత నిర్భయముగా తేల్చగల పరీక్షకుని మా వృత్తిలో నింతవఱకు చూడలేదు.

ఇట్లు తీర్పు ముందుగా తెలిసినవాడు హాలులో కూర్చుండి యేమి చేయును? తీర్పు సరియా కాదా యని పరీక్షించును. రెండవ సగము సాగదీయబడినదని విన్నవానికి రెండవ సగము మొదలుకాకమునుపే ఆవులింత వచ్చును. కథ వానిని తాకుటకు సందేది?

దీనికితోడు కలెక్షనుల లెక్క యొకటి వచ్చిపడినది. పూర్వము శతదినోత్సవములకును అభిమానులు పోటీపడిరి. కాని దినములను లెక్కించుటలో కొంత న్యాయమున్నది. జనులు మఱల మఱల వచ్చిరనియే దాని యర్థము. నేటి లెక్క మొదటి దినపు కోట్లు, మొదటి వారాంతపు కోట్లు. ఈ విద్యను అభిమానులకు నేర్పినవారు నిర్మాతలే. నాయకుని ముఖముకంటె కోట్ల సంఖ్యయే పెద్దగా నచ్చొత్తిన ప్రకటనపత్రములు మనమందఱము చూచుచున్నవే. ఏ ప్రాంతపు హక్కు లెంతకు పోయెను, ఏ పంపిణీదారు నష్టపోయెను అను విషయములు నేడు సైకిలుపై బడికి పోవు బాలునకును కంఠోపాఠము. తనకు దమ్మిడీ రాని వ్యాపారములో లాభనష్టములకు హర్షశోకములు పొందువాడు లోకమున ఇతడొక్కడే గాబోలు.

ఎదురుచూచుటయే తప్పని మే మనుట లేదు. 2015 జూలైలో ‘బాహుబలి’ మొదటి భాగము ముగిసినప్పుడు కట్టప్ప బాహుబలిని ఏల చంపెనను ప్రశ్న దేశమంతటను వ్యాపించినది. 2017 ఏప్రిలులో రెండవ భాగము వచ్చువఱకు, ఇంచుమించు రెండేండ్లపాటు, ఇంటింట దానికి సమాధానము లల్లబడినవి. సేనానికి రాజాజ్ఞ యెక్కువయా, తాను పెంచిన బిడ్డ యెక్కువయా యని ముసలమ్మలును తర్కించిరి. అదియును ప్రచారమే, అందును వ్యాపారమే యున్నది. అయినను ఆ ప్రశ్న కథలోనిది, మనుష్యుల ధర్మసంకటమును గూర్చినది. దానిని గూర్చి యెంత మాటలాడినను సినిమా తఱుగలేదు, పెరిగినది. కోట్లను గూర్చి మాటలాడిన కొలది సినిమా తఱిగిపోవును.

మన ప్రాచీనులు ఈ రోగము నెఱుగనివారు కారు. భరతుడు నాట్యశాస్త్రమున ప్రయోగసిద్ధిని గూర్చి ప్రత్యేకముగా ఒక యధ్యాయము వ్రాసినాడు. చిఱునవ్వు, అట్టహాసము, “సాధు” అను మెప్పు, “అహో” అను వెఱగు, “కష్టము” అను నిట్టూర్పు, గగుర్పాటు, ఆసనమునుండి లేచుట, ఒడలిమీది వస్త్రమును తీసి నటునికిచ్చుట — ఇవన్నియు మానుషసిద్ధికి గుర్తులట. దీనికి మించిన దైవసిద్ధి మఱొకటి యున్నది. అందు రంగశాల నిండియుండును, శబ్దముండదు, కలవరముండదు. ఈలలను కాదనని యా ముని మౌనమునకు మొదటి పీట వేసినాడు. అంతటితో నూరకుండక, నాటకమునకు కలుగు విఘాతములను లెక్కించుచు, ఇతరులవలన కలుగువానిని చెప్పినాడు: కేకలు, వెక్కిరింత చప్పట్లు, పేడయు మట్టిగడ్డలును విసరుట, చీమలను వదలుట. వీనికి కారణము అసూయ, ద్వేషము, పక్షపాతము, ధనాశ. మా రాజేంద్రనగరపు చౌరస్తాలో నిలువకయే ఆ పట్టిక నెట్లు కూర్చెనో!

వేయేండ్ల క్రిందట కాశ్మీరమున అభినవగుప్తుడు ఈ శాస్త్రమునకు వ్యాఖ్య వ్రాయుచు, రసాస్వాదమునకు ఏడు విఘ్నములను చెప్పెను. వానిలో నొకటి తన సొంత సుఖదుఃఖములకు వశుడై యుండుట. ఇంట దుఃఖమున్నవానికి నాటకము పట్టదని దాని సామాన్యార్థము. నేటి యభిమాని ఈ విఘ్నమును ఇంటినుండి తెచ్చుకొనుట లేదు, టికెట్టుతోపాటు కొనుక్కొనుచున్నాడు. తన నాయకుని సినిమా యైనచో ఓడిపోవునేమో యను భయము, ఎదుటివాని నాయకునిదైనచో గెలుచునేమో యను భయము. ఈ రెండు భయముల నడుమ కూర్చున్నవానికి శృంగారమేది, కరుణమేది? ఆంగ్లమున హాజ్లిట్ 1826లో ద్వేషించుటలోని సుఖమును గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. ద్వేషమున కాకలి తీరదనియు, ఇతర సుఖము లన్నియు వెగటైన పిదపను అది మిగిలియుండుననియు ఆయన భావము. మన యువకులకు సినిమా వెగటైనను సినిమావాదము వెగటు కాకుండుటకు ఇంతకంటె మంచి వివరణము మాకు తోచలేదు.

పూర్వకాలమంతయు స్వర్ణయుగమని చెప్పుట మా యుద్దేశము కాదు. 1932లో ‘భక్త ప్రహ్లాద’ మాటలాడిన నాటినుండియు మన తెరపై పనికిమాలిన సరకు కొల్లలుగా వచ్చినది. నాయకులపేర పక్షములు కట్టుటయు నేటిది కాదు. కాని 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు ‘మాలపిల్ల’ను తీసినప్పుడు తెలుగుదేశమున చెలరేగిన వాదము అస్పృశ్యతను గూర్చినది. మఱుసటియేట వారి ‘రైతుబిడ్డ’ను జమీందారులు ప్రతిఘటించిరి; కొన్నియెడల నది నిషేధమునకును గుఱియైనది. ఆ యేడే కాళ్లకూరి నారాయణరావుగారి నాటకము ‘వరవిక్రయము’ తెరకెక్కి వరకట్నమును ఇంటింటి చర్చగా చేసినది. కొడవటిగంటి కుటుంబరావుగారివంటి రచయిత సినిమాను గూర్చి వ్యాసములు వ్రాయుట తన స్థాయికి తక్కువని యనుకొనలేదు. నాటివారును కోపముతో కేకలు వేసిరి. కాని యా కోపము హాలు వెలుపలి బ్రతుకును గూర్చినది.

ఇక ఇంటి మాట. తెలంగాణ ప్రభుత్వము 2021 డిసెంబరులో మల్టీప్లెక్సుల సాధారణ టికెట్టునకు గరిష్ఠముగా నిర్ణయించిన ధర 250 రూపాయలు, పన్ను వేఱు. నలుగురు గల కుటుంబము అత్తాపూరు దారిలో నొక ఆట చూడదలచినచో టికెట్లకే వేయి దాటును. పిల్లల చిరుతిండి, ఆటో కిరాయి అటుండనిండు. పెద్ద సినిమాల కా హద్దును నిలువదు. 2024 డిసెంబరులో ‘పుష్ప’ రెండవ భాగపు ముందునాటి రాత్రి ప్రదర్శనలకు టికెట్టుపై 800 రూపాయలు అదనముగా తీసికొనుటకు అనుమతి లభించినది. వీనిని మనవారు బెనిఫిట్ షోలందురు. పూర్వము నాటకసమాజములలో పేదనటునికొఱకో, ధర్మకార్యముకొఱకో వేయు ఆటకు ఆ పేరుండెడిది. ఇప్పు డెవరి బెనిఫిట్టో చెప్పనక్కఱలేదు. ఆ డిసెంబరు 4వ తేది రాత్రి హైదరాబాదు ఆర్.టి.సి. చౌరస్తాలోని యొక హాలువద్ద త్రొక్కిసలాటలో ఒక తల్లి మరణించినది. ఆమె కుమారుడు ప్రాణాపాయస్థితిలో ఆసుపత్రి చేరినాడు. ఆ నెలలోనే ఇకపై ఇట్టి ప్రదర్శనలకు అనుమతి నీయబోమని ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించిరి. ఆ తల్లి కోట్ల లెక్క వేయుటకు పోలేదు. కుటుంబముతో సినిమా చూడబోయినది. అభిమానుల యుత్సాహమునకై ఏర్పడిన ఆ రాత్రివేళ, ఆ ద్వారమువద్ద, ఒక గృహిణికిని ఒక బాలునకును తావు లేకపోయినది.

హాలునుండి కుటుంబమును వెడలగొట్టిన పిదప అభిమాని యొంటరిగా కూర్చుండి ఉత్సాహము లేదని వగచుచున్నాడు. 2024 మేలో, ఎన్నికలు, క్రికెట్టు పోటీలు, పెద్ద సినిమాలు లేకపోవుట కారణముగా జనము రాక, తెలంగాణలో ఒంటితెర హాళ్లు పది దినములు మూసివేయుటకు యజమానులు నిశ్చయించిరి. హాలు నిండుట కొక నాయకుని ముఖము కావలసిన స్థితి వచ్చిన పిదప, ఆ ముఖము లేనినాడు తలుపు మూయుట తప్ప వేఱు త్రోవ యుండదు.

ముఖము లేకయే నిండిన సందర్భము నొకదానిని మేము మఱువలేము. 2023 మార్చిలో ‘బలగం’ వచ్చినది. దర్శకుడు వేణు ఎల్దండి. ఒక ముసలివాని చావు, పదునొకండవ దినపు కర్మ, పిండము ముట్టని కాకి, అలిగిన తోబుట్టువులు — కథ యంతయు నింతే. తెలంగాణ పల్లెలలో పంచాయతీ ముందఱను, బడి ఆవరణములలోను తెరలు కట్టి ఊరెల్ల దానిని చూచినది. తుదిఘట్టమున బుడగజంగాల గాయకులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడుచుండగా చాపలమీద కూర్చున్న ఆడవారు కొంగులతో కన్నులొత్తుకొనిరి. నిర్మాతల కా ఉచిత ప్రదర్శనలవలన నష్టమే కలిగియుండును. అది వేఱు సంగతి. భరతుడు చెప్పిన దైవసిద్ధి యెట్లుండునని మా విద్యార్థి యెవడైన నడిగినచో, మే మాతనికి ఏ రంగశాలను చూపము. ఆ వీధులను చూపుదుము.

అట్లయిన విమర్శకుల నోరు మూయింపవలెనా? చెన్నపట్నమున తమిళ నిర్మాతలు విడుదలైన మూడు దినములవఱకు విమర్శలు ప్రకటింపరాదని హైకోర్టు నర్థించిరి. 2024 డిసెంబరులో న్యాయస్థానము తాత్కాలిక నిషేధమునకు నిరాకరించినది. మంచిపని. సినిమాను చెడగొట్టుచున్నది విమర్శ కాదు, విమర్శ లేకపోవుట. భరతుడు వివాదము కలిగినప్పుడు తీర్చుటకు పదితెగల ప్రాశ్నికులను చెప్పినాడు: ఛందస్సును ఛందస్సు తెలిసినవాడే, సౌష్ఠవమును విలుకాడే, అలంకరణమును చిత్రకారుడే చూడవలెను. నేడు పదుగురి పనియు ఒక్కడే, తెల్లవాఱకమునుపే, నాలుగు పంక్తులలో ముగించుచున్నాడు. ఆ నాలుగింటిలో ఛాయాగ్రహణము “రిచ్‌గా ఉంది”, సంగీతము “ఓకే”.

ఉత్సాహము చచ్చినదనువారికి మఱొక సంగతి చూపుదుము. 2010 అక్టోబరులో ‘ఖలేజా’, ఆ నవంబరులోనే ‘ఆరెంజ్’ విడుదలయినవి. రెండును ఓడిపోయినవని నాటి తీర్పు. ‘ఆరెంజ్’ 2023లోను, ‘ఖలేజా’ 2025 మే 30న మఱల తెరకెక్కినప్పుడు హాళ్లు నిండినవి. జనులు లేచి నిలిచి పాటలు పాడిరి. నటునికంటె అరక్షణము ముందుగా సంభాషణములను తామే వల్లించిరి. ఇందును మోటుదనము లేకపోలేదు. పాతచిత్రముల కలెక్షనులనుగూడ పోల్చి కలహించువారు బయలుదేరిరి. 2023లో ‘సింహాద్రి’ పునఃప్రదర్శనవేళ విజయవాడలో బాణసంచా కాల్చి హాలులో నిప్పంటించిరి. అయినను సినిమా మాత్రము నాటిదే. పదునైదేండ్లలో చూపఱులు మాఱిరి. ఆ మే నెలలో రాజేంద్రనగరమునుండి ‘ఖలేజా’ చూడబోయిన కుఱ్ఱవాండ్రలో పెక్కురు 2010లో అక్షరములు దిద్దుకొను నీడువారు. ఆ సినిమాకు మొదటి దిన మెంత వచ్చెనో వారి కెవరికిని తెలియదు. ఆ సాయంకాలము వారిలో నెవరును అడుగనులేదు.