సహాయ మడుగు విధము

న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనువారు 1990వ దశకములో ఆరంభించిన గణాంక భాష పేరు ఆర్. దీనిలో ఒక మంచి గుణము కలదు. 30 మంది విద్యార్థుల మార్కులలో 5 గురివి లేకున్నచో, సగటు అడిగినప్పుడు ఇది అంకెను చెప్పదు. 'లభ్యము కాదు' అను సంకేతమును చూపును. కొత్తవారు దీనిని లోపమనుకొని సహాయము కోరుదురు. లేని విలువలను విడిచి లెక్కింపుమను ఆజ్ఞ చేర్చుడని వెంటనే జవాబు వచ్చును. అంకె దొరకును; అడిగినవారు తృప్తిపడుదురు.

ఈ జవాబు తప్పు కాదు, కాని చాలదు. ఆ 5 గురు పరీక్షకు ఏల రాలేదు? జ్వరము వచ్చియా, చదువక భయపడియా? వచ్చిన 25 మంది సగటు 60 అనుకొందము. రానివారు వ్రాసియున్నచో తలకు 18 మాత్రమే వచ్చెడివైన, తరగతి సగటు 53 అగును. ఆజ్ఞ సరియైనదే, తీర్పు మాత్రము తప్పినది.

ప్రయోగము ముగిసిన పిదప గణాంకవేత్తను సంప్రదించుట తరచు శవపరీక్ష కోరుట వంటిదని 1938లో కలకత్తా గణాంక మహాసభలో రొనాల్డ్ ఫిషర్ హెచ్చరించెను. కావున సహాయము కోరువారు దత్తాంశమును ఎట్లు సేకరించిరో, అందు ఏవి ఏల లేవో ముందు చెప్పవలెను. చెప్పనిచో ఉపాధ్యాయుడు మొదట అడుగవలసినది అదియే.