బండకొచ్చిన మెరుగు

పాలిష్ బండ మంచిచెడ్డలు పైనుంచి చూస్తే తెలియవు. నిలబడి చూసేవాడికి ప్రతి బండా నున్ననిదే. ఒక కొస ఎత్తి వెలుతురుకు ఏటవాలుగా పట్టాలి. మిషను వదిలేసిన సన్నటి గుండ్రటి గీతలు అప్పుడు బయటపడతాయి. అవి కనబడకపోతే ఆ పనివాడికి దండం పెట్టొచ్చు.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల సీమ నాపరాయి ఒకప్పుడు సముద్రం అడుగున పొరలుపొరలుగా పేరుకున్న సున్నపు బురద. కడప, కర్నూలు రాళ్ల మీద 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ రాసిన గ్రంథంలో ఈ పొరలున్న వరుసకు జమ్మలమడుగు పేరే పెట్టాడు. పొరల సందులో ఉలి దించి, వరసగా తట్టుకుంటూ పోతే బండ పలకగా లేస్తుంది. ఇక్కడ కండబలం కన్నా చెవి ముఖ్యం. దెబ్బకు ఖంగుమంటే గట్టి రాయి, బోలుగా పలికితే లోపల పగులున్నట్టే.

అంచులు కోశాక పాలిష్. తిరిగే చక్రానికి బిగించిన రాపిడి రాళ్లు, పైనుంచి ఆగని నీళ్లు. మొదట గరుకు రాయి, తర్వాత దానికన్నా మెత్తనిది, ఆపైన ఇంకా మెత్తనిది. ప్రతి రాయీ ముందుదాని గీతలు చెరిపి, అంతకన్నా సన్నవి తనవి గీస్తుంది. అవి కంటికి ఆననంతగా సన్నబడ్డాక వెలుతురు చెదరకుండా తిరిగొస్తుంది. మెరుపంటే అదే, పైపూత కాదు. తొందరపడి మధ్యలో ఒక రాయి ఎగ్గొడితే మెరుపైతే వస్తుంది, దాని అడుగున పాత గీతా ఉంటుంది.

మర్యాద తెలిసిన మనిషిని ఇంగ్లీషులో పాలిష్డ్ అంటారు. మనవాళ్ల నోట ఆ మెప్పులో కాస్త అనుమానం కూడా ఉంటుంది, పైకి నునుపే గానీ లోపలేముందో అని. బండను తిప్పి చూస్తే సరి, వెనకవైపు గనిలో లేచిన గరుకు అలాగే ఉంటుంది. సిమెంటు పట్టేది ఆ గరుకునే.

నాకైతే మొహం కనబడే పాలిష్ కన్నా ఒక మెట్టు ముందే ఆపిన బండ ఇష్టం. తడికాలు అంతగా జారదు. వంటగట్టు మీద మాత్రం నిమ్మచెక్క బోర్లించి మరిచిపోకూడదు. సున్నపురాయికి పులుపు పడదు, తెల్లారేసరికి అంతమేర మెరుగు పోయి గుండ్రటి మచ్చ తేలుతుంది. ఎంత తుడిచినా పోదు, మళ్లీ నీళ్లు పోసి మెత్తని రాయితో రుద్దించుకోవాల్సిందే.