యాత్రాకథనంలో నడక: పర్వతప్రకరణం, కాశీయాత్రచరిత్రలలో శ్రీశైల మార్గం

వ్యాససంగ్రహం:
తెలుగు సాహిత్య పరిశోధనలో యాత్రావర్ణనలను ఎక్కువగా సాంఘిక చరిత్రకు ఆకరాలుగానే వినియోగించారు. ఆ దృష్టి వల్ల సమాచారం వెలికి వచ్చింది గాని, యాత్రను రచనగా మలచిన తీరు మరుగున పడింది. పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’లోని పర్వతప్రకరణాన్ని, ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్రచరిత్ర’ను శ్రీశైల మార్గం ఆధారంగా కలిపి పరిశీలించి, ఈ రెండింటి రూపాన్ని నిర్ణయించినది ప్రయాణపు తీరేనని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: శ్రీశైలం, నల్లమల, యాత్రాసాహిత్యం, ద్విపద, మజిలీ, పాదయాత్ర.

1. ప్రవేశిక

శ్రీశైల యాత్ర శతాబ్దాల పాటు అడవిని దాటే యాత్ర. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ఈ క్షేత్రానికి నాలుగు ద్వారాలుగా ప్రసిద్ధి పొందాయి. ఏ ద్వారం నుండి వచ్చినా యాత్రికుడు నల్లమలలోకి అడుగుపెట్టక తప్పదు. కొండ మీద మల్లికార్జునుడు, భ్రమరాంబ. కొండ దిగువన పాతాళగంగగా పిలిచే కృష్ణానది. రెంటినీ సేవించాలంటే ఎక్కడమూ దిగడమూ రెండూ కావాలి. శ్రీశైల, అహోబిలాలకు సోపానాలు కట్టించినందుకు ప్రోలయ వేమారెడ్డిని ప్రత్యేకంగా కీర్తించడాన్ని బట్టి, ఆలయం కట్టించడంతో పాటు దారిని సుగమం చేయడాన్ని కూడా ఆ కాలం పుణ్యకార్యంగా భావించిందని తెలుస్తుంది.

ఈ దారి తెలుగు సాహిత్యంలో రెండు భిన్నమైన రచనల్లోకి ఎక్కింది. ఒకటి 13వ శతాబ్ది ద్విపద కావ్యం, మరొకటి 19వ శతాబ్ది వచన గ్రంథం. చిలుకూరి నారాయణరావు సంపాదకత్వంలో ‘పండితారాధ్య చరిత్ర’ 1939లోను, దిగవల్లి వేంకట శివరావు సంపాదకత్వంలో ‘కాశీయాత్రచరిత్ర’ 1941లోను వెలువడ్డాయి. ఆనాటి పండితులను ప్రధానంగా ఆకర్షించినది దేశ చరిత్ర, భాషా చరిత్ర. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) పాల్కురికి రచనల నుండి కాకతీయ కాలపు జనజీవనాన్ని పునర్నిర్మించింది. ఆ కృషి విలువ కాదనలేనిది. అయితే ఆ తరువాతి పరిశోధనలో చాలా భాగం ఆటల పేర్లు, పాటల పేర్లు, వస్త్రాల పేర్లు ఏరుకోవడంతో ఆగిపోయింది. ఆ పేర్లు ఆ వరుసలో, ఆ వేగంతో ఎందుకు వచ్చాయన్న ప్రశ్న వెనుకబడింది.

2. పర్వతప్రకరణం: జాబితాలోని జనసమూహం

‘పండితారాధ్య చరిత్ర’లోని ఐదు ప్రకరణాలలో చివరిది పర్వతప్రకరణం. శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే భక్తుల సందడి ఇందులో విస్తారంగా కనిపిస్తుంది. పాడేవారు, ఆడేవారు, బొమ్మలాడించేవారు, కఠిన నియమాలతో సాగేవారు ఒకరి వెంట ఒకరుగా వస్తారు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ సోమనాథుడు పేర్కొన్న గేయభేదాలను సాహిత్య చరిత్రలన్నీ ఉదాహరించాయి. జానపద గేయ చరిత్రకు ఇది తొలి ఆధారాలలో ఒకటని ప్రతి విద్యార్థికీ తెలుసు.

ఈ పట్టికను సమాచారంగా మాత్రమే చూస్తే అది కథాగమనానికి అడ్డు అనిపిస్తుంది. ప్రబంధ ప్రమాణాలతో చూసేవారికి ఇది అతివిస్తరంగా తోచడం సహజం. కాని యాత్రికుల బారు కొండదారిలో కదిలే తీరును గుర్తు చేసుకుంటే ఈ విస్తరణకు కారణం తెలుస్తుంది. ఇరుకైన బాటలో గుంపు ఒక్కసారిగా కనిపించదు. ఒకరి తరువాత ఒకరుగా, ఒక పాట వినపడుతుండగానే మరో పాట దగ్గరవుతుంది. రెండేసి పాదాలుగా సాగుతూ, ఎక్కడ ఆపినా ఆగి, ఎంత దూరమైనా కొనసాగగల ద్విపద ఆ కదలికకు తగిన ఛందస్సు. సోమనాథుడు ద్విపదను ఎన్నుకోవడానికి జనసామాన్యానికి అందుబాటులో ఉండాలన్న ఆశయమే కారణమని సాధారణంగా చెబుతారు. పర్వతప్రకరణం వరకు దానికి మరో కారణం చేర్చాలి: నడుస్తూ పాడుకునే వారి గురించి చెప్పడానికి పాడుకోదగిన ఛందస్సే అనువైనది.

3. కాశీయాత్రచరిత్ర: మజిలీల వచనం

మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుండి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నారు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ఉత్తరాదికి వెళ్ళి, కాశీ, గయ, పూరీ చూసుకుని తీరం వెంట తిరిగి వచ్చారు. ఆయన రాసుకున్న విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గ్రంథంగా కూర్చగా, రచయిత మరణించిన రెండేళ్ళకు, 1838లో అది అచ్చయింది.

ఈ గ్రంథానికి ప్రమాణం మజిలీ. ఊరికీ ఊరికీ మధ్య దూరం, బాట స్వభావం, నీటి వసతి, అంగళ్ళు, దిగడానికి చోటు ప్రతిచోటా నమోదవుతాయి. శ్రీశైల సందర్భంలో కర్నూలు నవాబు యాత్రికుల నుండి రాబట్టే పన్ను, నల్లమల చెంచుల ఉనికి కూడా ఆయన దృష్టిని తప్పించుకోలేదు. ఈ లక్షణాలను బట్టి విమర్శకులు దీనిని ఆధునిక లౌకిక దృష్టికి తొలి వెలుగుగా వ్యాఖ్యానిస్తూ వచ్చారు.

ఈ వ్యాఖ్యానం సగమే సరైనది. అదే గ్రంథంలో ఈశ్వరతత్త్వం, కర్మ, ఆచారాల గురించి దీర్ఘమైన చర్చలున్నాయి. వాటిని పాతకాలపు మిగులుగా పక్కన పెట్టి, దూరాలను, ధరలను మాత్రమే ఆధునికతగా స్వీకరిస్తే గ్రంథం రెండు ముక్కలవుతుంది. నిజానికి మంచినీటి బావి ఎక్కడుందో రాయడం ఈ రచయితకు భక్తికి వెలుపలి పని కాదు. తన తరువాత ఆ దారిన వచ్చేవారికి కష్టం తగ్గించడం యాత్రాధర్మంలో భాగమే. మెట్లు కట్టించిన వేమారెడ్డి చేసిన పనినే ఆయన వచనంతో చేశారు. కనుక సోమనాథుడు భక్తుడు, వీరాస్వామయ్య లౌకికుడు అన్న విభజన నిలవదు.

4. నడిచేవారు, మోసేవారు

రెండు రచనల మధ్య అసలైన తేడా మరొకచోట ఉంది. పర్వతప్రకరణంలో నడిచేవారే పాడేవారు. వారి గొంతు కావ్యంలో కనీసం పాట పేరుగానైనా మిగిలింది. ‘కాశీయాత్రచరిత్ర’ రచయిత దాదాపు నూరుమంది పరివారంతో, పల్లకీలో ప్రయాణించారు. ఆ గ్రంథంలోని దూరాలలో చాలా భాగం బోయీల కాళ్ళు కొలిచినవి. పరివారం మొత్తానికి తిండి, నీరు, విడిది సమకూర్చవలసిన బాధ్యత వల్లనే ఆ వచనానికి అంతటి నిశితత్వం అబ్బింది. అయినా పల్లకీ మోసినవారు ఆ దారిని ఎలా చూశారో, ఏం పాడుకున్నారో గ్రంథం నుండి తెలియదు.

అలాగని సోమనాథుని సమూహాన్ని సమానత్వానికి సంపూర్ణ నమూనాగా చూపడమూ సరికాదు. అక్కడ కులభేదాన్ని శివభక్తి దాటించింది గాని, శివభక్తికి వెలుపల ఉన్నవారికి ఆ బారులో చోటు లేదు. పరమతాలను ఖండించే వాదప్రకరణం కూడా అదే కావ్యంలో ఉందన్న సంగతి మరువరాదు. ఒక రచనలో మతం, మరో రచనలో హోదా యాత్రికుడెవరో నిర్ణయించాయి. అడవి దారి తెలిసిన చెంచులు మాత్రం రెండు పరిధులకూ అంచున ఉండిపోయారు.

5. మారిన దారి, మిగిలిన నడక

రోడ్డు వచ్చాక శ్రీశైలం గంటల ప్రయాణమైంది. 1981లో పూర్తయిన ఆనకట్టతో పాతాళగంగ వద్ద నది జలాశయంగా మారింది. అయినా నడక ఆగలేదు. ఉగాదికి కర్ణాటక నుండి వచ్చే భక్తులు నేటికీ ఆత్మకూరు వైపు నుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా కాలినడకన చేరుకుంటారు. మల్లికార్జునుని అల్లునిగా, భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి సారె తెచ్చేవారు వారిలో ఉన్నారు. సోమనాథుడు పేరు మాత్రమే చెప్పి విడిచిన పర్వత పదాల స్వభావాన్ని ఊహించడానికి ఈ బారులో వినిపించే పాటలు తోడ్పడగలవు. అవే పాటలు ఏడు శతాబ్దాలుగా నిలిచాయని దీని అర్థం కాదు. నడకకూ పాటకూ ఉన్న సంబంధం సజీవంగా పరిశీలనకు దొరుకుతుందని మాత్రమే. గ్రంథాలయంలో చదివే పర్వతప్రకరణానికి ఈ క్షేత్రపర్యటన అవసరమైన పూరకం.

6. ముగింపు

పర్వతప్రకరణపు జాబితా, ‘కాశీయాత్రచరిత్ర’ మజిలీ లెక్క విడివిడి వివరాల మూటలు కావు. అవి ఆయా ప్రయాణాల నుండి పుట్టిన రచనారూపాలు. ఒకటి గుంపు నడక నుండి, మరొకటి పరివార నిర్వహణ నుండి రూపుదిద్దుకున్నాయి. యాత్రాసాహిత్యంపై పరిశోధన చేసేవారు రచయిత ఏమి చూశాడన్న దానితో పాటు, ఎవరి కాళ్ళ మీద అక్కడికి చేరాడని కూడా అడగాలి. అప్పుడే దారి చూపినవారు, పల్లకీ మోసినవారు, పాడుతూ నడిచినవారు సాహిత్య చరిత్రలో యాత్రికుల సరసన నిలుస్తారు.