సగంలో ఆపాల్సిన పని

మొదలుపెట్టిన పని పూర్తి చేశాకే లేవాలని చిన్నప్పటి నుంచీ విన్నాం. ఉప్పునీటి అక్వేరియంలో ఇసుక మార్చేటప్పుడు మాత్రం ఆ మాట పక్కన పెట్టాలి. పావు వంతు తీసి ఆగిపోవాలి. మిగిలింది ఎంత మురికిగా కనిపించినా దాని జోలికి పోకూడదు. నా దృష్టిలో ఈ పనిలో ఉన్న నేర్పంతా ఆ ఆగడంలోనే ఉంది.

ఏళ్లుగా నడుస్తున్న ట్యాంకులో ఇసుక ప్రాణమున్న పదార్థం. చేపల విసర్జన, తినకుండా వదిలేసిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. ఇసుక పైపొరలో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. రాళ్ల మీదా ఈ బ్యాక్టీరియా ఉంటుంది గానీ, ఇసుకంతా ఒక్కరోజే ఎత్తేస్తే రాళ్లే మొత్తం భారం మోయలేకపోవచ్చు. పైగా ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం మరింత తీవ్రమవుతుంది.

అడుగున గాలి సోకని చోట ఇసుక నల్లబడి, కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన రావచ్చు. అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలకు ప్రాణాంతకం. అందుకే నేను ఇసుకను తవ్వి తీయను. నీళ్లు మార్చే రోజునే సైఫన్ గొట్టం పెట్టి, ఇసుకను నీటితో పాటే బకెట్లోకి లాగేస్తాను. లేచిన మురికిలో చాలా భాగం గొట్టంలోంచే బయటికి పోతుంది. పది, పదిహేను శాతం నీళ్లు తగ్గగానే గొట్టం తీసేస్తాను. ఆ రోజుకు అంతే. కొత్త ఉప్పునీరు అదే వేడిమితో, సాంద్రత 1.025 ఉండేలా ముందే కలిపి ఉంచుకుంటాను.

గొట్టం పెట్టే ముందు రాళ్లు గాజు మీద నిలబడ్డాయా, ఇసుక మీదా అన్నది చూడాలి. కింద ఇసుక జారితే రాయి ఒరిగి గాజు పగలొచ్చు. కొన్ని రాస్ చేపలు రాత్రిళ్లు ఇసుకలో దూరి నిద్రపోతాయి కాబట్టి పగలే, అవి బయట తిరుగుతున్నప్పుడే ఈ పని పెట్టుకోవాలి.

విశాఖలో ఉండేవాళ్లకు బీచ్ నుంచి ఇసుక తెచ్చుకుంటే పోలా అనిపిస్తుంది. వద్దు. భీమిలి తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలున్నాయి. ఊరి మురుగు ఎక్కడెక్కడ కలిసిందో కంటికి కనబడదు. కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడిన అరగొనైట్ ఇసుక కొనుక్కోవడమే మేలు. పొడి ఇసుకైతే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. పంపులు ఆపి, అడుగుదాకా ఆనించిన పీవీసీ పైపులోంచి కొద్దికొద్దిగా వదిలితే నీళ్లు పెద్దగా మసకబారవు. పాత ఇసుకలో శుభ్రంగా ఉన్న పైపొర గుప్పెడు తీసి, పాలకు తోడు వేసినట్టు కొత్తదాని మీద చల్లుతాను.

తర్వాత వారం, రెండు వారాలు ఎదురుచూస్తాను. అమ్మోనియా పరీక్షలో సున్నా వస్తూ ఉంటేనే తర్వాతి పావు. ఏ మాత్రం కనిపించినా మేత తగ్గించి, నీళ్లు మార్చి, ఇసుక మాట వాయిదా వేస్తాను. సముద్రంలో నీరు పాడైతే చేప మరో చోటికి ఈదుకుంటూ వెళ్లగలదు. మన ఇంట్లో దానికి ఆ దారి లేదు. దాన్ని తెచ్చి గాజు గోడల మధ్య పెట్టింది మనమే కాబట్టి, మన తొందరను ఆపుకోవాల్సిన బాధ్యతా మనదే.